సంఘం అణా, ఊరుగాని మనిషి: రావి నారాయణరెడ్డి గారి జీవితం

సంఘం పెట్టెలో ఉన్న పైసలు ఎవరి కోసం ఖర్చు పెట్టాలె? ఈ ప్రశ్న కొంతకాలంగా మన వ్యవసాయ కూలీల సమావేశాల్లో మళ్ళీ మళ్ళీ లేస్తున్నది. నాట్ల కాలం వస్తే బీహార్ నుంచి, బెంగాల్ నుంచి కూలీలు గుంపులుగా మన ఆయకట్టు ఊళ్ళలో దిగుతున్నారు. ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకొని, నాలుగు రోజుల్లో ఊరి నాట్లన్నీ చుట్టేసి ఇంకో ఊరికి పోతున్నారు. వాళ్ళలో ఒకరికి జ్వరం తగిలితే, మేస్త్రీ పైసలు ఎగబెట్టి పోతే, రైలు చార్జీకి లేక బస్టాండులో పడి ఉంటే, మన చందా పైసల్లోంచి సాయం చేయాలెనా వద్దా? మన నాటు కూలి పోగొట్టినోళ్ళకు మన పైసలా అని అడిగే అక్కలున్నారు. వాళ్ళ కడుపుమంట అబద్ధం కాదు. నోరు మూయించి తీర్మానం రాసుకుంటే ఆ మంట ఆరదు.

అందుకని ఈసారి ఒక మనిషి జీవితం చెప్పుకుందాం. జనం దగ్గర చందా పోగుచేయడం, దాన్ని ముక్కూమొగం తెలియని వాళ్ళ కోసం ఖర్చు పెట్టడం ఆయన బతుకులో చాలా ఏండ్లు నడిచిన పని. ఏ చందా ఎట్లాంటిదో లోపలినుంచి చూసినవారు. ఆయన రావి నారాయణరెడ్డి గారు.

భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో 1908 జూన్ 4న పుట్టారు. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లా. అప్పుడు నిజాం రాజ్యం, నల్లగొండ జిల్లా. భూములున్న రెడ్ల ఇల్లు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లవాడు ఏమీ చేయకుండానే నలుగురితో దండాలు పెట్టించుకొని బతకవచ్చు. అట్లా బతికినవాళ్ళు తాలూకాకు పదుగురున్నారు, వాళ్ళ పేర్లు ఇప్పుడు ఎవరికీ జ్ఞాపకం లేవు.

ఆనాటి ఊరి సంగతి ఇప్పటి పిల్లలకు కొంచెం చెప్పాలె. ఆ రోజుల్లో ఊరికి పరాయి మనిషి వచ్చిండంటే జనానికి గుండెల్లో రాయి పడేది. ఎందుకంటే వచ్చేవాడు గిర్దావరో, తహసీల్దారో, పోలీసు అమీనో అయ్యేవాడు. దొర గడిలో వాళ్ళ మకాం. కుమ్మరి కుండలు తేవాలె, చాకలి నీళ్ళు మోసి గిన్నెలు తోమాలె, మంగలి కాళ్ళు పిసకాలె, గొల్లలు గొర్రెను ఇవ్వాలె, గౌండ్లవాళ్ళు కల్లు పోయాలె, మాదిగలు మాలలు మూటలు మోసి పక్క ఊరిదాకా సాగనంపాలె. ఎవరికీ పైసా ఇచ్చేది లేదు. అదే వెట్టి. నిజాం సర్కారు వెట్టిని నిషేధిస్తూ ఫర్మానాలు ఇచ్చింది గాని అవి హైదరాబాదులో కాగితం మీదనే ఉండిపోయినయి. అతిథి మర్యాద అనే మంచి మాటను మన ఊళ్ళలో కొరడాతో నేర్పించారు. పరాయివాడంటే మనకు ఇంత అనుమానం ఎందుకో తెలుసుకోవాలంటే ఇది కూడా జ్ఞాపకం పెట్టుకోవాలె.

చందా సంగతి కూడా అంతే. జనం దగ్గర పైసలు పోగుచేయడం సంఘం వచ్చినాక పుట్టిన ఆచారం కాదు. దొర బిడ్డ పెండ్లికి ఇంటికి ఇంత, దొర కొడుకు పుడితే ఇంత, దొర కొత్త ఇల్లు కడితే ఇంత అని వసూలు చేసేవాళ్ళు. నజరానాలు, మామూళ్ళు అని రకరకాల పేర్లు. ఆ పైసల్లో కొంత తీసి గుళ్ళో అన్నదానం చేయిస్తే, సత్రం కట్టిస్తే, ధర్మప్రభువు అని పేరు దొరకే వచ్చేది. ఇచ్చింది వెయ్యి ఇండ్లవాళ్ళు, పుణ్యం ఒక్క గడిది.

నారాయణరెడ్డి గారు చదువుకు హైదరాబాదు పోయి రెడ్డి హాస్టల్లో ఉన్నారు. ఆ హాస్టల్ 1918లో మొదలైంది. దానికి పెద్ద దిక్కు మన పాలమూరు జిల్లా మనిషే, తర్వాత నగర కొత్వాల్ అయిన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి గారు. సంస్థానాధీశులు, దేశ్‌ముఖులు, భూములున్న రెడ్లు ఇచ్చిన చందాలతో నిలబడింది. హాస్టల్ పనిలో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారి చెయ్యి కూడా ఉండేది, ఆయనా పాలమూరు జిల్లావారే. తెలుగు చదువుకు దిక్కులేని ఆ పట్నంలో పల్లె పిల్లలకు ఆ హాస్టల్ ఒక నీడ. అది కాదనలేం. అయితే అది కులం సంచి. ఒక కులంలో ఉన్నవాళ్ళు ఆ కులం పిల్లల కోసం కట్టిన సంచి. ఆ పైసలు ఎక్కడివి అని వెనక్కి నడిచిపోతే మళ్ళీ మన కుమ్మరి, చాకలి, మాదిగ వాడలకే చేరుతాం. దొరలు గడ్డపార పట్టి సంపాదించినవి కావు గదా. ఆ సంచి తిండి తిని ఎదిగినవాళ్ళలోంచే దొరలకు ఎదురు నిలిచినవాళ్ళు కొందరు రావడం చరిత్రలో జరిగే విచిత్రం.

1930లో దేశమంతా ఉప్పు సత్యాగ్రహం లేచింది. నారాయణరెడ్డి గారు చదువు వదిలి కాకినాడ పోయి అందులో పాల్గొన్నారు. నిజాం రాజ్యం నుంచి సముద్రం ఒడ్డుకు పోయిన మనిషి ఆ ఊరికి పరాయివాడే. అక్కడ సత్యాగ్రహ శిబిరాలు జనం ఇచ్చిన బియ్యం, పైసల మీదనే నడిచినయి. అంటే పెద్దింటి పిల్లవాడు మొదటిసారి ఊరుగాని ఊళ్ళో, తన కులం కాని వాళ్ళు, తనను ఎరగని వాళ్ళు పోసిన గింజలతో కడుపు నింపుకున్నాడు. మనిషికి ఇది చిన్న చదువు కాదు. ఎప్పుడూ పెట్టే చెయ్యిగా ఉన్నవాడికి పట్టే చెయ్యి ఎట్లా ఉంటదో తెలవాలె.

తిరిగి వచ్చినాక హరిజన సేవక సంఘం పని పట్టుకున్నారు. 1932లో పూనా ఒడంబడిక తర్వాత గాంధీ గారు పెట్టించిన సంఘం అది. అఖిల భారత అధ్యక్షుడు ఘనశ్యామదాస్ బిర్లా, కార్యదర్శి ఠక్కర్ బాపా. దానికి నిధుల కోసం గాంధీ గారు 1933 నవంబరు నుంచి తొమ్మిది నెలలు దేశమంతా తిరిగారు, సుమారు 12,500 మైళ్ళు. పోగైంది 8 లక్షల రూపాయల చిల్లర. బిర్లాల వేలున్నాయి, ఆడవాళ్ళు తీసి ఇచ్చిన గాజులున్నాయి, కూలివాళ్ళు వేసిన పైసలు, దమ్మిడీలు ఉన్నాయి. 1934 మార్చిలో హైదరాబాదుకు కూడా వచ్చారు. హైదరాబాదు రాజ్యంలో ఆ సంఘానికి కార్యదర్శిగా నారాయణరెడ్డి గారు బడులు, విద్యార్థి వసతిగృహాలు నడిపించారు. నల్లగొండ వైపు దళిత వాడల పిల్లలు చదువుకోవడానికి ఆ పని కొంత దారి చేసింది.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పుకోవాలె. దళితుల చదువు హరిజన సేవక సంఘంతోనే మొదలైందని ఎవరైనా అంటే అది సరికాదు. అంతకు చాలా ముందే భాగ్యరెడ్డి వర్మ గారు హైదరాబాదులో ఆది హిందువుల కోసం పాఠశాలలు పెట్టారు. 1910 నుంచి ఇసామియా బజారు, లింగంపల్లి వంటి చోట్ల మొదలైన ఆ బడులు తన వాళ్ళ కష్టార్జితం మీద, అక్కడక్కడా అడిగి తెచ్చిన సాయం మీద నడిచినయి. ఆయన 1939లో చనిపోయారు. పెట్టేవాళ్ళు, తినేవాళ్ళు ఒక్క వాడవాళ్ళే అయినప్పుడు అక్కడ తలవంచడం అనేది ఉండదు. అంబేద్కర్ గారు హరిజన సేవక సంఘాన్ని ఎందుకు విమర్శించారో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. ఎవరి పేరు మీద పైసలు పోగవుతున్నాయో వాళ్ళకు ఆ సంఘంలో పెత్తనం లేదు. దయ చూపేది పైవాడు, దయ పొందేది కిందివాడు. సంచి మారింది గాని మెట్లు మారలేదు.

నారాయణరెడ్డి గారు ఆ పనిని మనసుపెట్టి చేశారనడంలో మాకు సందేహం లేదు. అంటరానితనం పాటించే ఊళ్ళలో రెడ్ల ఇంటి మనిషి మాదిగ పిల్లలతో కూచొని తినడం ఆ కాలానికి చిన్న సాహసం కాదు, సొంత బంధువులే దూరం పెట్టే పని. కాని బడి నుంచి ఇంటికి పోయిన పిల్లవాడిని మరునాడు దొర జీతానికి పట్టుకపోతుంటే వసతిగృహం ఒక్కటి ఏం చేస్తుంది? తండ్రి తీసుకున్న నాలుగు కుంచాల నాగుకు కొడుకు భగేలాగా బతుకంతా కట్టుబడి ఉంటే పలక ఇచ్చి ఏం లాభం? ఈ ప్రశ్న ఆయనను నిలవనీయలేదనే అనుకుంటాం, ఎందుకంటే తర్వాత ఆయన నడిచిన దారి దీనికి జవాబు లాగానే ఉంది.

1938 అక్టోబరులో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం మొదలుపెట్టినప్పుడు మొదటి జట్టులో ఆయన ఉన్నారు. జైలుకు పోయారు. బయటికి వచ్చినాక బద్దం ఎల్లారెడ్డి వంటి సహచరులతో కలిసి కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చారు. హైదరాబాదులో మఖ్దూం మొహియుద్దీన్, రాజబహదూర్ గౌర్ వంటి వాళ్ళు కామ్రేడ్స్ అసోసియేషన్ నడుపుతున్న రోజులవి. ఉర్దూ మాట్లాడే పట్నం కార్మికులు, తెలుగు మాట్లాడే పల్లె రైతులు ఒకరికొకరు పరాయివాళ్ళే. ఆ రెండు పాయలు కలవడం మన చరిత్రకు పెద్ద బలం ఇచ్చింది.

ఇక ఆంధ్ర మహాసభ. 1930లో జోగిపేటలో సురవరం వారి అధ్యక్షతన మొదటి సభ, 1931లో దేవరకొండలో రెండోది, 1936లో మన షాద్‌నగర్‌లో ఇంకొకటి. తొలినాళ్ళలో వకీళ్ళు, పటేల్ పట్వారీలు, వర్తకులు, గ్రంథాలయాల పెద్దలు కూడి తీర్మానాలు చేసేవారు. మంచి తీర్మానాలే. 1941లో హుజూర్‌నగర్ తాలూకా చిలుకూరులో ఎనిమిదో మహాసభకు నారాయణరెడ్డి గారు అధ్యక్షులయ్యారు. అక్కడి నుంచి మహాసభ నడక మారింది. 1944లో భువనగిరిలో పదకొండో మహాసభ జరిగింది. మళ్ళీ ఆయనే అధ్యక్షులు, ఊరు ఆయన తాలూకా ఊరు. ఈ సభ సంగతి మనం నిదానంగా చెప్పుకోవాలె.

వెట్టి రద్దు కావాలె, బేదఖళ్ళు ఆగాలె, కౌలుదారుకు హక్కు రావాలె అని ఆ సభ తీర్మానించింది. దాంతోపాటు చూడటానికి చిన్నదిగా ఉండే ఒక మార్పు జరిగింది. మహాసభ సభ్యత్వ రుసుము రూపాయి నుంచి అణాకు దిగింది. రూపాయికి పదహారు అణాలు. రూపాయి పెట్టి సభ్యుడయ్యేవాడు ఊరికి ముగ్గురో నలుగురో ఉంటారు, వాళ్ళు ఎవరో చెప్పనవసరం లేదు. అణా అయితే జీతగాడు పెట్టగలడు, బట్టలుతికే చాకలి పెట్టగలదు, గొల్ల పిల్లవాడు పెట్టగలడు. కష్టమే, కాని పెట్టగలరు. పెట్టినవాడికి రసీదు చీటీ చేతికొస్తుంది. ఇదివరకు వాళ్ళ చేతికొచ్చిన కాగితాలన్నీ అప్పు పత్రాలు, వేలిముద్ర వేయించుకున్న నోట్లు. వాళ్ళకు హక్కు ఉందని చెప్పిన మొదటి కాగితం ఆ చీటీ.

మితవాదులు ఆ సభతో విడిపోయారు, వేరుగా సభలు పెట్టుకున్నారు. ఎన్నో కారణాలు చెప్పారు. మా దృష్టిలో అణా కూడా ఒక కారణమే. అణా ఇచ్చినవాడు రూపాయి ఇచ్చినవాడి పక్కన చాప మీద కూచుంటే కొందరికి ఊపిరాడదు.

ఆ అణాలు ఏం చేసినయి? లెక్కల పుస్తకం తెచ్చి చూపించలేం గాని, జరిగిన పనులు ఊరూరా తెలిసినవే. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ చాకలి ఇంటి మనిషి. కౌలుకు భూమి చేసుకుంటున్నది. సంఘంలో చేరింది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి అది కంట్లో కారం. ఆమె పంట కోసుకపోవడానికి గూండాలను పంపించాడు. భీంరెడ్డి నర్సింహారెడ్డి, చకిలం యాదగిరిరావు, నల్లా నర్సింహులు మొదలైన సంఘం మనుషులు, వాలంటీర్లు చేనులో నిలబడి పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. తర్వాత కేసులు, జైళ్ళు, దెబ్బలు. ఆమె తరఫున కోర్టులో కొండా లక్ష్మణ్ బాపూజీ వంటి వకీళ్ళు నిలబడ్డారు.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఐలమ్మ ఎవరికి చుట్టం? భువనగిరి దగ్గర అణా ఇచ్చిన జీతగాడు ఆమెను ఎన్నడూ చూడలేదు. హుజూర్‌నగర్ వైపు అణా ఇచ్చిన గౌండ్లాయనకు పాలకుర్తి ఏ దిక్కునుందో తెలియదు. ఆ వాలంటీర్లలో చాలామంది ఆమె కులం కాదు, ఆమె ఊరు కాదు. అయినా సంఘం బలం ఆమె వడ్ల దగ్గరికి పోయి నిలబడింది. దేవుడి హుండీలో వేసిన పైస కనపడదు, దొరకు ఇచ్చిన నజరానా తిరిగి రాదు. ఈ అణా మటుకు ఎక్కడో ఒక ముసలామె పంట అయి కళ్ళముందు కనపడింది. ఐలమ్మ 1985 దాకా బతికింది.

సాయం చేసిన చేతికి ఐలమ్మ మొక్కలేదు. మొక్కాల్సిన అవసరం లేదు. ఆమె కూడా సభ్యురాలే, ఆమె అణా కూడా ఆ పెట్టెలో ఉంది. హరిజన సేవక సంఘం సంచికీ, మహాసభ పెట్టెకూ ఉన్న తేడా ఇక్కడ బయటపడుతుంది. రెండింటి దగ్గరా పనిచేసిన మనిషి ఒక్కరే. మనిషి గుణం మారిందని కాదు, మొదటినుంచీ ఆయన మంచి మనిషే. మంచితనాన్ని ఎక్కడ నిలబెట్టాలో తెలుసుకున్నారు.

ఆ కాలంలోనే సూర్యాపేటలో బొమ్మగాని ధర్మభిక్షం గారు విద్యార్థి వసతిగృహం నడిపారు. గీత కార్మికుల ఇంట పుట్టినవారు. చందాలు అడిగి తెచ్చి పల్లెల నుంచి వచ్చిన బీద పిల్లలను చదివించారు. ఆయన 2011లో చనిపోయారు, కనుక చూసినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఆ వసతిగృహం అన్నం తిన్న పిల్లలలోంచి ఉద్యమానికి కార్యకర్తలు వచ్చారు. పెట్టిన అన్నం ఊరికే పోదు అనే మాట పెద్దలు ఊరికే అనలేదు.

1943లో బెంగాల్లో కరువు వచ్చి లక్షల మంది చచ్చిపోయారు. ఆకలి తట్టుకోలేక కలకత్తా వీధుల్లో గంజి కోసం తిరిగిన ఆ జనం కోసం దేశమంతా కమ్యూనిస్టులు, కిసాన్ సభలు, ప్రజానాట్య దళాలు ఊరూరా తిరిగి చందాలు తెచ్చి పంపించారు. ఇప్పుడు మన మడికట్లలోకి నాట్లకు వచ్చే బెంగాల్ కూలీల తాతలు, ముత్తాతలు ఆ కాలం వాళ్ళే. ఇది గూడ ఒకసారి మనసులో వేసుకోవాలె.

1946 జూలై 4న కడివెండిలో దొర గూండాల తుపాకికి దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తర్వాతి కథ మీకు తెలిసిందే. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ముగ్గురి పేర సాయుధ పోరాటానికి పిలుపు వచ్చింది. గడీల్లో గాదెలు తెరుచుకున్నాయి, అప్పు పత్రాలు కాలిపోయినయి. ఉద్యమం చెప్పుకున్న లెక్క ప్రకారం 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాల భూమి పంచారు. 4 వేల మంది ప్రాణాలిచ్చారు.

ఆ అయిదేండ్లలో నాయకులు, దళాల వాళ్ళు ఊరూరా రాత్రిపూట వచ్చిపోయే పరాయి మనుషులు. పేరు అడగొద్దు, ఊరు అడగొద్దు. తలుపు కొడితే తీయాలె, ఉన్నదాంట్లో ఒక ముద్ద పెట్టాలె. గటక అయితే గటక, అంబలి అయితే అంబలి. పట్టుబడితే ఇల్లు కాలుతుంది, ఆడవాళ్ళ మానం పోతుంది. అయినా పెట్టారు. ఇదివరకు కొరడాకు భయపడి పరాయివాడికి పెట్టిన చేతులే ఇప్పుడు ప్రాణానికి తెగించి పరాయివాడికి పెట్టినయి. ఆ పోరాటం గురించి ఎన్ని పుస్తకాలున్నా తుపాకులకు ఇచ్చినంత చోటు ఆ ముద్దకు ఎవరూ ఇవ్వలేదని మా ఫిర్యాదు.

1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు వచ్చి నిజాం లొంగిపోయినాక పోరాటం కొనసాగించాలెనా, ఆపాలెనా అన్న చర్చలో నారాయణరెడ్డి గారు ఆపాలన్న పక్షంలో నిలబడ్డారు. దానిమీద ఆయన రాతలు ఉన్నాయి, ఆయనను తప్పుపట్టిన రాతలూ ఉన్నాయి. 1951 అక్టోబరు 21న పోరాటం విరమించారు. ఆ వాదన తేల్చడం ఈ వ్యాసం పని కాదు. ఆయనతో విభేదించినవాళ్ళు కూడా ఆయన నిజాయితీని శంకించలేదు, ఇది మాత్రం చెప్పాలె. సొంత భూమిని పేదలకు పంచిన మనిషిని భూమి సంగతిలో ఎవరు వేలెత్తి చూపిస్తారు?

1952 మొదటి ఎన్నికల్లో హైదరాబాదు రాజ్యంలో పార్టీ మీద నిషేధం ఉండటంతో ప్రజాస్వామిక ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో నారాయణరెడ్డి గారికి 3,09,162 ఓట్లు వచ్చాయి. దేశంలోకెల్లా ఎక్కువ, ప్రధాని నెహ్రూ గారికి వచ్చినవాటికంటే ఎక్కువ. నల్లగొండ ఇద్దరు సభ్యుల స్థానం, ఓటరుకు రెండు ఓట్లు, అందుకే అంత సంఖ్య అని కొందరు తీసిపారేస్తారు. నెహ్రూ గారి స్థానం కూడా ఇద్దరు సభ్యులదే. లెక్క సమానమే. మాకు ఆ సంఖ్య కంటే ఇంకొకటి ముఖ్యం. అదే స్థానం నుంచి ఆయనతోపాటు గెలిచిన రెండో సభ్యుడు సుంకం అచ్చాలు గారు, ఫ్రంట్ తరఫున నిలబడ్డ దళితుడు. ఇరవై ఏండ్ల కింద దళిత పిల్లలకు వసతిగృహం కోసం చందా అడిగిన మనిషి, ఒక దళితుడి పక్కన సమానంగా నిలబడి జనం దగ్గర ఓటు అడిగాడు. ఓటుకు రుసుము లేదు. లేకపోయినా ఆ ఓటు అణా చీటీకి పెద్దన్న.

1957లో భువనగిరి నుంచి శాసనసభకు, 1962లో మళ్ళీ నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచారు. తర్వాతి రాజకీయాలు, పార్టీ చీలిక ఇవన్నీ వేరే కథ. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు పునాది రాయి పడింది. నల్లగొండ గడ్డ మీద లేచిన ఆ కట్ట పనికి మన పాలమూరు లేబర్ తట్టలు పట్టుకొని గుంపులుగా వచ్చారు. దేశంలో ఎక్కడ కట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు చెమట ఉంటుంది. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, పిల్లాజెల్లలతో గుడిసెలు వేసుకొని, భాష రాని చోట రోగం వస్తే అడిగే దిక్కులేక వేల కుటుంబాలు బతికినయి. పుణేలో, బొంబాయిలో వాళ్ళను చూసి అక్కడి కూలీలు ఏమనుకున్నారో మనం సులభంగా ఊహించుకోవచ్చు. మన కూలి పడగొట్టేవాళ్ళు వచ్చారనే అనుకొని ఉంటారు.

2020 మార్చి 25న దేశమంతా మూసేసినప్పుడు ఉత్తరాది కూలీలు జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా పోయే రహదారి పట్టి నడిచిపోవడం మనం కళ్ళారా చూశాం. అప్పుడు మన ఊళ్ళలో ఎవరూ సమావేశం పెట్టి తీర్మానం కోసం ఆగలేదు. బియ్యం ఉన్నవాళ్ళు బియ్యం తెచ్చారు, కట్టెలున్నవాళ్ళు కట్టెలు తెచ్చారు, సంఘం పెట్టెలోంచి నూనె, పప్పు వచ్చాయి. రోడ్డు పక్కన చెట్ల కింద పొయ్యిలు పెట్టాం. ఎక్కడిదాకా నడుస్తారో తెలియదు, మళ్ళీ కనపడతారో లేదో తెలియదు. చెప్పులు తెగిన పిల్లలకు చెప్పులు కొనిచ్చిన అక్కలే ఈరోజు నాటు కూలి గురించి కోపంగా అడుగుతున్నారు. రెండూ వాళ్ళే. నడిచిపోయేవాడికి అన్నం పెట్టడం తేలిక. పక్క మడిలో నాటు వేసేవాడికి పెట్టడం కష్టం.

మేము చూసిన సంగతి ఒకటి చెబుతాం, ఊరి పేరు అనవసరం. రెండేండ్ల కింద వానకాలం నాట్లప్పుడు ఒక బీహార్ పిల్లవాడికి పాము కుట్టింది. మేస్త్రీ ఫోను ఎత్తలేదు. మన సంఘం వాళ్ళు ఆటో కిరాయి కట్టి పెద్దాసుపత్రికి తీసుకపోయారు, పక్కన ఒక మనిషిని ఉంచారు. ఖర్చయింది 2,300 రూపాయలు. పిల్లవాడు బతికాడు. నెల కింద ఆ గుంపు మళ్ళీ వచ్చింది. ఈసారి ఎకరా గుత్త మాట్లాడుకునే ముందు ఆ పిల్లవాడు సంఘం మనిషిని వెతుక్కుంటూ వచ్చి, మీ ఊరోళ్ళు ఎంతకు వేస్తున్నారని అడిగాడు. దానికంటే తక్కువకు ఆ గుంపు ఒప్పుకోలేదు. 2,300 రూపాయలు ఇచ్చి మనం కొన్నది ఇది అని చెప్పడం లేదు, అట్లా బేరం పెట్టి ఇస్తే అది దొర దానమే అవుతుంది. ఆటో ఎక్కించేటప్పుడు ఎవరికీ ఈ ఆలోచన లేదు. జరిగింది కాబట్టి చెబుతున్నాం.

లెక్క సంగతి కూడా పట్టించుకోవాలె. ఆ 2,300 రూపాయలు ఎవరికి, ఎందుకు, ఏ రోజు అన్నది రచ్చకట్ట దగ్గర చదివి వినిపించినప్పుడు గొణిగినవాళ్ళు ఉన్నారు, చప్పట్లు కొట్టినవాళ్ళు ఉన్నారు. దొర నజరానాకు లెక్క చెప్పినవాడు లేడు. అణాకు రసీదు ఉన్నది. సాయం పొందినవాడి పేరు మాత్రం గట్టిగా చదవనవసరం లేదని మా అభిప్రాయం. ఒక పరాయి కూలికి అని చదివితే చాలు. పేరు పిలిచి పదిమందిలో నిలబెడితే ఆ మనిషి తల వంగుతుంది.

నారాయణరెడ్డి గారు 1991 సెప్టెంబరు 7న చనిపోయారు. 83 ఏండ్లు బతికారు. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. జైల్లో పెట్టిన రాజ్యాలు, తలలకు వెలలు కట్టిన సర్కార్లు తర్వాత పతకాలు ఇవ్వడం కొత్తేమీ కాదు. ఆయన అనుభవాలు వీర తెలంగాణ అన్న పుస్తకంలో రాసిపెట్టారు, కార్యకర్తలు దొరికించుకొని చదవాలె. రాత్రిపూట నలుగురు కూచొని ఒకరు చదివితే మిగతావాళ్ళు వినొచ్చు.

ఈ ఏడు సభ్యత్వం పుస్తకాలు ఊళ్ళకు వస్తున్నాయి. ప్రతి ఊరి పెట్టెలోంచి ఒక చిన్న భాగం ఊరుగాని కూలీల కోసం విడిగా ఉంచాలె, దానికి వేరే పద్దు రాయాలె, నెలకోసారి వాడలో చదవాలె, బయట నుంచి వచ్చిన కూలీలకు కూడా అదే రుసుముకు అదే చీటీ ఇవ్వాలె అని మండల కమిటీల ముందు పెడుతున్నాం. హిందీ తెలిసిన పిల్లలు ఊరికి ఒకరిద్దరైనా ఉన్నారు, చీటీ మీద పేరు రాసేటప్పుడు వాళ్ళను పక్కన కూచోబెట్టుకోండి. నాట్లు అయిపోయి ఆ గుంపులు రైలెక్కేలోగా ఈ పని మొదలు కావాలె.